ఊపిరితిత్తుల నీరు - దానిని కొలుచు విధములు



నీటిని కొలుచుట మనకు క్రొత్త విద్య కాదు. చెరువుకట్టపై నిలిచి, ఈ నీరు ఎన్ని మళ్లకు చాలునో చూపుతోనే చెప్పగల వృద్ధులు మన యూళ్లలో నేటికిని గలరు. కడెము ఆనకట్టకు 700 అడుగులు, కరీంనగరము చెంతనున్న దిగువ మానేరు ఆనకట్టకు 920 అడుగులు నిండు మట్టములని బడిపిల్లలు సైతము చెప్పుదురు. 2022వ సంవత్సరము జూలై నెలలో కడెమునకు పెనువరద వచ్చినపుడు, వచ్చు నీరెంత, పోవు నీరెంత యను లెక్కకై దిగువ గ్రామములవారు ఊపిరి బిగబట్టి యెదురుచూచిరి.

అట్టి లెక్కయే మనుష్యుని రొమ్ములోను అవసరమగు సమయములు గలవు. అచ్చట రాతిపై చెక్కిన అడుగుల గుర్తులు లేవు. తలుపు తెఱచి చూచుటకు వీలులేదు. ఐనను వైద్యులు తమ వ్రేళ్లతోను, చెవులతోను, పిదప యంత్రములతోను ఆ నీటి మట్టమును కనుగొను మార్గములను ఒకటొకటిగ సాధించిరి. ఆ మార్గములను గూర్చియే ఈ సాయంకాలము ముచ్చటింపదలచితిని.

నేను వైద్యుడను గాను, బడిపంతులను. మందులు చెప్పుట నా పని గాదు. కాని ఒక యింటిలో మనుష్యునికి ఆయాసము పుట్టి, "ఊపిరితిత్తులకు నీరు పట్టినది" యను మాట వినబడినంతనే, ఆ యింటివారు ఆసుపత్రికంటె ముందు ఊరిపెద్దల గడపకు వత్తురు. పట్నమునకు తీసికొనిపోవలెనా? సూది వేయనీయవచ్చునా? నీరు తీసినచో ప్రాణము నిలుచునా? ఈ ప్రశ్నలకు బదులు చెప్పవలసినవారు మీరు. కావున విషయమును మీరెఱిగియుండుట మేలు.

మొదట నీరు చేరు తావులు రెండని గుర్తింపవలెను. ఊపిరితిత్తులను చుట్టి రెండు పలుచని పొరలు గలవు. ఒకటి ఊపిరితిత్తి నంటియుండును. రెండవది ప్రక్కటెముకల లోపలివైపు నంటియుండును. ఆ రెంటి నడుమ ఒరపిడి కలుగకుండ కొంచెము తడి యుండును. ఆరోగ్యవంతునికి ఆ తడి యంతయు కలిపినను 10 మొదలు 20 మిల్లీలీటర్లే, అనగా రెండు మొదలు నాలుగు చిన్న చెంచాలు. బండి యిరుసునకు కందెన యెట్లో, ఊపిరికి ఆ తడి యట్లు. వ్యాధిచేత అది పెరిగి లీటరు, రెండు లీటర్లు, ఒక్కొక్కప్పు డంతకు మించియు చేరును. అప్పుడు ఊపిరితిత్తి విప్పారుటకు చోటు చాలక ముడుచుకొనిపోవును. ఇది పొరల నడుమ నీరు.

రెండవది ఊపిరితిత్తి కండలోనే చేరు నీరు. గాలి నిండవలసిన సన్నని అఱలలో నీరూరును. మొదటిది గుడ్డ మూటకు వెలుపల నీరు నిలిచినట్లు. రెండవది గుడ్డయే తడిసి బరువెక్కినట్లు. మొదటిదానిని సూదితో తీయవచ్చును. రెండవదానిని సూదితో తీయరాదు. మందులచే మూత్రమార్గమున పోగొట్టవలెను. ఈ భేద మెఱుగక "నీరు పట్టినది, తీయించుడు" అని యందఱికి నొకే మాట చెప్పుట తగదు.

పొరల నడుమ నీరు చేరుటకు మన దేశమున క్షయ ముఖ్యకారణములలో నొకటి. న్యుమోనియా, పుండు వ్యాధియగు క్యాన్సరు, గుండె బలహీనత, మూత్రపిండముల జబ్బు, కాలేయపు జబ్బు తక్కిన కారణములు. ఊపిరితిత్తి కండలో నీరూరుటకు గుండె బలహీనతయు, మూత్రపిండములు పనిచేయక ఒంటిలో నీరు మిగిలిపోవుటయు తఱచుగ కారణములు.

2016 వఱకు రెండు జిల్లాలుగ నుండి, పిదప పెక్కు జిల్లాలైన ఈ కరీంనగర, ఆదిలాబాదు ప్రాంతములలో ఈ విషయమునకు ప్రత్యేకమైన ప్రాధాన్యము గలదు. బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపురము, గోదావరిఖని మొదలగు చోట్ల సింగరేణి బొగ్గుగనులలో పాటుపడినవారు వేలకొలది గలరు. రాతిధూళిని ఏండ్ల తరబడి పీల్చిన ఊపిరితిత్తులకు క్షయ సోకుట సులభమని వైద్యులు నిశ్చయించిరి. గనిలో పని మానిన వృద్ధునికి ఆయాసము వచ్చినచో, "ఇది బొగ్గుపొడి వలన వచ్చినది, దీనికి మందు లేదు" అని యింటివారు ఊరకుందురు. బీడీలు చుట్టు తల్లికి ఆయాసము వచ్చినచో "పొగాకు గాటు" అందురు. ధూళివలన కలిగిన గట్టిదనము మరల మెత్తబడదు, నిజమే. కాని అతని రొమ్ములో దానితోపాటు లీటరున్నర నీరును ఉండవచ్చును. ఆ నీరు తీయదగినది. దాని మూలమగు క్షయ నయము కాదగినది. రెంటికిని పైకి కనబడునది ఆయాస మొక్కటియే. కొలిచి చూచినగాని వేఱుచేయ వీలులేదు. కొలత వలని ప్రయోజన మిది.

ఇక విధములను చూతము. మన పూర్వులు కడుపులో చేరు నీటిని బాగుగ నెఱుగుదురు. సుశ్రుతాచార్యుడు దకోదరమును, అనగా జలోదరమును చెప్పుచు, నీరు నిండిన తోలుతిత్తి యెట్లు కదలి, అదరి, చప్పుడు చేయునో ఆ కడుపును అట్లు చేయునని లక్షణము చెప్పెను. గ్రీకుదేశమున హిప్పోక్రటీసు పేర నున్న గ్రంథములలో రొమ్మునకు సంబంధించిన పరీక్షలే గలవు. రోగి భుజములు పట్టి కుదిపి, రొమ్మున చెవి యొగ్గి లోపలి అలల చప్పుడు వినవలెనని యందు గలదు. మఱియొక ఉపాయము విచిత్రమైనది. సన్నని గుడ్డను తడిమన్నులో ముంచి రొమ్మునకు చుట్టి, ఏ చోట ముందుగ ఆఱునో ఆ చోట లోపల చీము గలదని గుర్తించి కోయవలెనట. లోపలి వేడి మన్నును త్వరగ ఆర్చునని వారి యూహ. యంత్రములు లేని కాలమున బుద్ధి యెట్లు పనిచేసినదో చూడుడు.

నీటి మట్టమును సరిగా గుర్తించు మార్గమును కనిపెట్టినవాడు ఆస్ట్రియా దేశపు లియోపోల్డు ఔయెన్‌బ్రుగ్గరు. ఇతడు 1722లో గ్రాట్సు నగరమున జన్మించెను. తండ్రి పూటకూటి యిల్లు నడుపువాడు. మద్యపు పీపాలపై కొట్టి, చప్పుడు మాఱిన చోటే లోపలి మట్టమని తెలిసికొనుట ఆ యింటివారి అలవాటనియు, దానిని చూచి పెరిగిన కుఱ్ఱవాడు వైద్యుడై రోగి రొమ్మును అట్లే పరీక్షించెననియు చెప్పుదురు. ఇందు మనకు ఆశ్చర్యము లేదు. కుండ కొనునపుడు వ్రేలితో కొట్టి చూడని యిల్లాలు లేదు. గుమ్మిలో ధాన్య మెంతవఱకున్నదో తట్టి చెప్పు రైతును, లొట్టిని తట్టి కల్లు కొలత చెప్పు గౌడును మీరెఱుగుదురు. బోలుగ నున్న చోట గల్లుమనును. నిండియున్న చోట మొద్దుగ మ్రోగును.

ఔయెన్‌బ్రుగ్గరు అంతటితో తృప్తిపడలేదు. శవముల రొమ్ములోనికి నీరు పోసి, పైనుండి తట్టి, తాను చెప్పిన మట్టము సరియగునో కాదో పరీక్షించెను. వియన్నా నగరపు ఆసుపత్రిలో ఏడేండ్లు పరిశీలించి 1761లో లాటిను భాషలో చిన్నపొత్తము ప్రకటించెను. లోక మా పొత్తమును దాదాపు ఏబదియేండ్లు పట్టించుకొనలేదు. 1808లో ఫ్రెంచి వైద్యుడు కార్విసారు దానిని తన భాషలోనికి తెచ్చిన పిమ్మట గాని దానికి మన్నన కలుగలేదు. మఱుసటి యేడే ఔయెన్‌బ్రుగ్గరు మరణించెను. మంచి విద్యయైనను దానిని నలుగురకు అందఱెఱిగిన మాటలలో చెప్పువాడు లేనిచో మూలబడియుండునని యిందువలన తెలియుచున్నది.

ఈ పరీక్షను నేటికిని ప్రతి వైద్యుడును చేయును. ఎడమచేతి నడిమివ్రేలిని రోగి వీపునకు ఆనించి, కుడిచేతి వ్రేలితో దానిపై కొట్టుచు పైనుండి క్రిందికి దిగును. పైన కంజర వలె మ్రోగును. నీరున్న చోటికి వచ్చుసరికి రాతిపై కొట్టినట్లు చప్పుడు చచ్చిపోవును. ఆ రెంటి సరిహద్దే నీటి మట్టము. కాని సుమారు 300 మిల్లీలీటర్లైన చేరినగాని వ్రేలికి ఇది అందదు.

పిదప చెవివంతు. 1816లో పారిసు నగరపు నెక్కరు ఆసుపత్రిలో లెనెక్కు అను వైద్యుడు కాగితములను గొట్టముగ చుట్టి, ఒక కొన రోగి రొమ్మున, ఒక కొన తన చెవిని పెట్టి వినెను. స్టెతస్కోపు పుట్టుక అది. 1819లో అతడు తన గ్రంథమును ప్రకటించెను. నీరు నిండిన చోట ఊపిరి చప్పుడు వినబడదు. నీటి పై అంచున మాత్రము రోగి మాట మేక అఱపువలె వణకుచు వినబడునని లెనెక్కు వ్రాసెను. ఊపిరితిత్తి కండయే తడిసినపుడు, ఉప్పుకల్లు నిప్పులో చిటపటలాడినట్లు సన్నని చప్పుళ్లు క్రింది భాగమున వినబడును. వైద్యుడు వీపుపై అఱచేయి యుంచి "ఒకటి, ఒకటి" యని పలుకుమనుటయు ఈ పరీక్షలలోనిదే. మాట అదురు చేతికి తగులనిచో నడుమ నీరు అడ్డుపడినదని అనుమానము. ఇది తెలియనివారు "ఈ డాక్టరు నన్ను ఎక్కములు చదివించుచున్నాడు" అని నవ్వుకొందురు. అది వైద్యములో నొక భాగము. ఇంత చేసిన లెనెక్కు క్షయచేతనే 1826లో, నలుబదియైదేండ్ల ప్రాయమున గతించెను.

మూడవది ఎక్స్‌రే. 1895 నవంబరులో జర్మనీ దేశపు ర్యోంట్‌గెను ఈ కిరణములను కనిపెట్టెను. గాలి నల్లగను, నీరు తెల్లగను పటమున కనబడును. నిలువబెట్టి పటము తీసినచో నీరు అడుగునకు దిగును; ప్రక్కటెముకల క్రిందిమూల వాడిగ నుండవలసినది మొద్దువాఱును. సుమారు 200 మిల్లీలీటర్లు చేరిన గాని ముందువైపు పటమున ఆ గుర్తు రాదు. ప్రక్కనుండి తీసిన పటమున 50 మిల్లీలీటర్లైనను తెలియును. పండుకొన్నవానికి తీసినచో నీరు వీపంతట పఱచుకొని మబ్బువలె మాత్రము కనబడును, మట్టము తెలియదు. కావున రోగి నిలువగల స్థితిలో నున్నపుడు, "నిలువలేడు, పండుకొననిండు" అని మనము జాలిపడి అడ్డుపడరాదు.

నాలుగవది అల్ట్రాసౌండు. చెవికి వినబడనంత సన్నని నాదమును రొమ్ములోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిచే బొమ్మ కట్టు యంత్రమిది. ఇందు ఎక్స్‌రే కిరణములు లేవు. గర్భిణులకును హాని లేదు. మంచము కడకే తేవచ్చును. ఇరువది మిల్లీలీటర్ల నీటిని సైతము ఇది పట్టును. కొలతకు సులభమైన సూత్రము గూడ నొకటి 2006లో వెలువడినది. రోగి కొంచెము తల యెత్తి పండుకొనియుండగా, ఊపిరితిత్తికిని రొమ్ముగోడకును నడుమ నీటి మందము ఎన్ని మిల్లీమీటర్లో చూచి, దానిని ఇరువదిచే గుణించినచో వచ్చునది మిల్లీలీటర్లలో నీటి కొలత. మందము 30 మిల్లీమీటర్లైనచో నీరు సుమారు 600 మిల్లీలీటర్లు. మన త్రైరాశికము చదివినవారికి ఇందు కష్ట మేమియు లేదు. ఇది ఉజ్జాయింపే యైనను, సూది వేయుటకు సురక్షితమైన చోటును, తీయదగిన నీటిని నిర్ణయించుటకు చాలును.

ఊపిరితిత్తి గాలితో నిండియుండుటచే నాదము దానిలో చొరదని, ఈ యంత్రము అందులకు పనికిరాదని వైద్యులు చాలకాలము తలచిరి. ఫ్రాన్సు దేశపు లిష్టెన్‌స్టయిను మొదలగువారు 1990 దశాబ్దిలో అది సరికాదని చూపిరి. కండ తడిసినపుడు బొమ్మలో పైనుండి క్రిందికి తెల్లని గీతలు వాననీటి ధారలవలె దిగును. ఒక ప్రక్కటెముకల సందున మూడుగాని అంతకు మించిగాని గీతలున్నచో ఆ చోటు తడిసినదని గుర్తు. గీతలు తగ్గుచున్న కొలది మందు పనిచేయుచున్నదని తెలియును.

పెద్ద ఆసుపత్రులలో, ప్రాణాపాయ స్థితిలో నున్నవారికి మఱియొక విధము గలదు. చల్లని ఉప్పునీటిని సిరలోనికి పంపుదురు. అది గుండె ద్వారా ఊపిరితిత్తులను దాటి ధమనిని చేరునప్పటికి చల్లదన మెంత తగ్గినదో, ఎంత ఆలస్యముగ వచ్చినదో యంత్రము కొలుచును. దారిలో తడి యెక్కువైనకొలది చల్లదనము దానిలో వ్యాపించి ఆలస్యమగును. ఆరోగ్యవంతునికి ఈ తడి, శరీరపు బరువులో కిలో ఒక్కంటికి ఏడు మిల్లీలీటర్లకు మించదు. పది దాటినచో ఊపిరితిత్తులు నీరుపట్టినవని లెక్క.

ఇన్ని చెప్పితిని గాని, ఇంటిలో మనము చేయదగిన కొలత యొకటి గలదు. అది తక్కెడ. లీటరు నీరు కిలో బరువు. గుండె బలహీనమని వైద్యుడు చెప్పిన రోగిని ప్రతిదినము ఉదయమున, మూత్రవిసర్జన యైన పిదప, ఏమియు తినకముందు, ఒకే తూకపు యంత్రముపై, ఒకే తీరు బట్టలతో తూచి, గోడ క్యాలెండరుపై వ్రాయవలెను. మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది కండ కాదు, కొవ్వు కాదు, నీరు. అంత త్వరగ అన్నము కండ గాదు. దానితో కాళ్లవాపు గాని, మునుపు ఒక తలగడతో నిద్రించువాడు రెండు మూడు కోరుట గాని, నడిరేయి ఊపిరాడక లేచి కూర్చుండుట గాని కనబడినచో తెల్లవాఱువఱకు ఆగరాదు.

ఇక సూదితో నీరు తీయుట. పందొమ్మిదవ శతాబ్దిలో, 1850లో, అమెరికా దేశపు బోస్టను నగరమున బౌడిచ్చి యను వైద్యుడు సన్నని సూదితో నీరు లాగు పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను. నేడు చర్మమునకు మొద్దుబాఱు మందిచ్చి, రెండు ప్రక్కటెముకల నడుమ, క్రింది యెముక పైయంచు నానుకొని సూది దించుదురు. పై యెముక క్రిందియంచున రక్తనాళములు పోవుచుండుటచే అచ్చట తప్పించుదురు. ఒకమాఱు సాధారణముగ లీటరున్నరకు మించి తీయరు. చిరకాలము ముడుచుకొనియున్న ఊపిరితిత్తి ఒక్కమాఱుగ విప్పారినచో దాని కండలోనే నీరూరు ప్రమాదము గలదు. జలోదరపు నీటిని ఒక్కదినముననే యంతయు తీయరాదని, కొలదికొలదిగ తీయవలెనని సుశ్రుతుడును చెప్పియున్నాడు. నిండిన చెరువునకు ఒక్కసారి గండి కొట్టుట, తూము తెఱచి విడుచుట ఒకటి కావని మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున "సగమే తీసి పంపినారు, డబ్బుకొఱకు మరల రమ్మన్నారు" అని వైద్యుని శంకింపరాదు.

తీసిన నీటిని పరీక్షకు పంపుదురు. నీటిలోని మాంసకృత్తు, అనగా ప్రోటీను, రక్తములోని దానిలో సగమునకు మించినచో, రోగము పొరలలోనే యున్నదని, అది క్షయయో న్యుమోనియాయో పుండు వ్యాధియో కావచ్చునని తలంతురు. తక్కువైనచో సాధారణముగ గుండె, కాలేయము, మూత్రపిండముల వైపు చూతురు. ఈ పద్ధతిని లైటు అను అమెరికా వైద్యుడు, మఱి రెండు కొలతలతో కలిపి 1972లో ప్రకటించెను. ఒక్కొక్కప్పుడు రొమ్మునకు గొట్టము వేసి సీసాకు కలుపుదురు. ఆ సీసాపై గీతలను చూచి దినదినము ఎంత వచ్చినదో వ్రాయుదురు. తోడున్న వారు ఒక్కటి మఱవరాదు. ఆ సీసాను ఎన్నడును రోగి రొమ్ముకంటె ఎత్తునకు లేపరాదు. లేపినచో నీరు మరల లోనికి పాఱును.

"ఒకమాఱు నీరు తీసినచో మరల మరల ఊరును, సూది ముట్టరాదు" అను మాట మన గ్రామములలో గట్టిగ నాటుకొన్నది. మరల ఊరుట సూదివలన గాదు, మూలరోగము మానకుండుటవలన. క్షయవలన చేరిన నీటికి సాధారణముగ ఆరు నెలల మందు గలదు. ప్రభుత్వము దానిని ఉచితముగ నిచ్చుచున్నది. రోగి పుష్టికై నెలకు ఇచ్చు 500 రూపాయలను 2024 నవంబరునుండి 1000 రూపాయలు చేసిరి. రెండు నెలలలో ఆయాసము తగ్గి, జ్వరము పోయి, మనుష్యుడు తేఱుకొనును. అప్పుడే మందు మానుదురు. కీడంతయు అచ్చటనే యున్నది. ఆ నాలుగు నెలలు మందు మ్రింగించుట వైద్యుని చేతిలో లేదు. ఇంటివారి చేతిలోను, వారికి చెప్పదగిన మీ చేతిలోను ఉన్నది. రొమ్ముపై వాతలు వేయుటవలన నీరు చుక్కయైనను తగ్గదు. పుండు మాత్రము మిగులును.

ఒకప్పుడు ఈ పరీక్షలకై పలువురు దూరపు పట్నములకు పోవలసియుండెను. ఆదిలాబాదులో 2008లో ప్రభుత్వ వైద్య కళాశాల నెలకొన్నది. 2022లో మంచిర్యాల, రామగుండము, జగిత్యాలలందును, 2023లో కరీంనగరము, సిరిసిల్ల, నిర్మల, ఆసిఫాబాదులందును వైద్య కళాశాలలు వెలసినవి. దూరము తగ్గినది. తగ్గవలసినది మన జంకు.

కావున పెద్దలారా! మీ యొద్దకు సలహాకు వచ్చినవారికి నాలుగు ప్రశ్నలు నేర్పి పంపుడు. నీరు పొరల నడుమనా, కండలోనా? ఎంత గలదు? తీసిన నీటి పరీక్ష యేమి చెప్పినది? మూలరోగ మేది, దానికి మందు ఎన్ని నెలలు? ఈ నాలుగింటికి బదులు తెలిసికొని, కాగితముపై వ్రాయించుకొని వచ్చిన కుటుంబము సగము భయమును ఆసుపత్రిలోనే విడిచివచ్చును. ఊరిలో రెండు వారములు దాటిన దగ్గు, ఎడతెగని ఆయాసము గలవారు ఎవరున్నారో మీకు తెలియని సంగతి కాదు. వారిలో ఒక్కరినైన ఈ వారమున పరీక్షకు పంపుడు.